మూత పడితేనే మొక్క పెరుగుతుంది

యాసంగి రోజుల్లో కరీంనగర్, వరంగల్ పల్లెల మీదుగా ప్రయాణం చేసినవారు ‘ఆడ మగ వరి’ చేలను చూసే ఉంటారు. ఒకే మడిలో కొన్ని వరుసలు ఒక రకం, పక్కన కొన్ని వరుసలు ఇంకొక రకం. పూత సమయంలో, ఎండ ఎక్కిన వేళ, ఇద్దరు మనుషులు చెరో గట్టున నిలబడి తాడు పట్టుకుని పైరు మీదుగా లాగుతూ పోతుంటారు. మగ వరుసల పుప్పొడి లేచి ఆడ వరుసల మీద పడడానికే ఆ పని. మన దేశంలో రైతులు కొనే హైబ్రిడ్ వరి విత్తనంలో ఎక్కువ భాగం తెలంగాణలోని ఈ చేలలోనే తయారవుతుంది.

ఈ సాగులో ఒక చిక్కు ఉంది. ఆడ వరుసల మొక్కల్లో వెన్ను పూర్తిగా బయటికి రాదు. కింది భాగం పోటాకు తొడుగులోనే ఇరుక్కుపోతుంది. లోపల ఉండిపోయిన పూలకు పుప్పొడి అందదు, గింజ కట్టదు. అందుకని వెన్నులు ఒకటీ అరా తొంగిచూసే రోజుల్లో రైతులు జిబ్బరెల్లిక్ ఆమ్లం అనే తెల్లటి పొడిని పిచికారీ చేస్తారు. అది నీళ్లలో సరిగా కరగదు కాబట్టి ముందు కొద్దిగా ఆల్కహాలులో కరిగించి, ఆ తర్వాత నీళ్లలో కలుపుతారు. ఎకరానికి పట్టేది గ్రాముల లెక్కే. కొద్ది రోజుల్లోనే వెన్ను కింది కాడ సాగి వెన్నును బయటికి నెడుతుంది.

యూరియా అయితే బస్తాలు మోయాలి. ఈ పొడి ఎకరానికి గుప్పెడు కూడా ఉండదు. ఇందులో మొక్కకు తిండి లేదు. మరి చేనుకు చేనే ఎలా కదిలింది? ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది ఆ సంగతే. ఆ పొడి ఒక కబురు మాత్రమే. కబురు అందుకునే ప్రోటీను ఒకటి మొక్క కణంలో ముందే సిద్ధంగా ఉంటుంది. కబురు అందగానే ఆ ప్రోటీను ఆకారం మారుతుంది. మిగతా పని అంతా ఆ మార్పు మీద ఆధారపడి జరుగుతుంది.

మన పదో తరగతి జీవశాస్త్రంలో మొక్కల హార్మోన్ల పట్టిక ఒకటి ఉంటుంది. ఒకవైపు ఆక్సిన్లు, జిబ్బరెల్లిన్లు, సైటోకైనిన్లు వగైరా పేర్లు. రెండోవైపు అవి చేసే పనులు. పిల్లలు దాన్ని గడగడా అప్పజెప్పేస్తారు. పరీక్షలో మార్కులూ పడతాయి. ‘జిబ్బరెల్లిన్ వల్ల కాండం పొడవు పెరుగుతుంది అన్నావు కదా, ఎలా పెరుగుతుంది?’ అని అడిగితే మాత్రం ‘హార్మోన్ వల్ల సార్’ అనే జవాబే మళ్లీ వస్తుంది. తప్పు పిల్లలది కాదు. అలాంటి పట్టికలు మొదట రాసిన రోజుల్లో ఆ ప్రశ్నకు శాస్త్రవేత్తల దగ్గర కూడా జవాబు లేదు. జవాబు దొరికి ఇరవై ఏళ్లే అయింది.

వెర్రి నారు

కథ జపాన్‌లో మొదలవుతుంది. అక్కడి వరి రైతులకు చాలాకాలంగా ఒక తెగులు తెలుసు. నారుమడిలో కొన్ని మొక్కలు పక్కవాటిని దాటి ఆత్రంగా, సన్నగా, పాలిపోయి పైకి లేస్తాయి. చూడడానికి ముచ్చటగా ఉన్నా అవి నిలబడవు. చాలావరకు చచ్చిపోతాయి, బతికినవాటికి గింజ సరిగా పట్టదు. రైతులు దానికి ‘బకనే’ అని పేరు పెట్టారు. మన మాటల్లో చెప్పాలంటే వెర్రి నారు. పంజాబ్, హర్యానాల బాస్మతి పొలాల్లో ఈ తెగులు నేటికీ కనిపిస్తుంది.

దీనికి కారణం ఒక బూజు. 1926లో ఎయిచి కురోసావా అనే జపాన్ శాస్త్రవేత్త, అప్పట్లో జపాన్ పాలనలో ఉన్న తైవాన్‌లో పనిచేస్తూ, ఒక తేలికైన ప్రయోగం చేశారు. బూజును ద్రవంలో పెంచి, బూజును వడకట్టి తీసేసి, మిగిలిన ద్రవాన్ని ఆరోగ్యంగా ఉన్న వరి నారుకు ఇచ్చారు. బూజు లేకపోయినా నారు వెర్రిగా పెరిగింది. అంటే బూజు ఏదో పదార్థాన్ని తయారుచేసి ద్రవంలోకి వదులుతోంది. ఆ బూజు శాస్త్రీయ నామం జిబ్బరెల్లా కాబట్టి, 1935లో తెయిజిరో యాబుటా ఆ పదార్థానికి జిబ్బరెల్లిన్ అని పేరు పెట్టారు. 1938లో యాబుటా, ఆయన సహచరుడు సుమికి దాన్ని స్ఫటికాల రూపంలో వేరుచేశారు. తర్వాత రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. జపాన్ బయటివారికి ఈ పని సంగతి యుద్ధం ముగిసి కొన్నేళ్లు గడిస్తే గాని పట్టలేదు.

అసలు ఆశ్చర్యం ఆ తర్వాత బయటపడింది. 1958లో బ్రిటన్‌లో చిక్కుడు జాతి గింజల నుంచి జిబ్బరెల్లిన్‌ను వేరుచేశారు. ఆ గింజలకు ఏ బూజూ పట్టలేదు. అంటే ఇది మొక్క తనకోసం తాను తయారుచేసుకునే హార్మోన్. బూజు చేస్తున్నదల్లా మొక్క సొంత మాటను గట్టిగా, ఆగకుండా పలకడమే. ఇప్పటికి మొక్కల్లో, బూజుల్లో కలిపి 130కి పైగా జిబ్బరెల్లిన్లను గుర్తించారు. వాటిలో నిజంగా పనిచేసేవి మాత్రం కొన్నే. తక్కినవి తయారీలో మధ్య దశలు, లేదా పని అయిపోయాక చెల్లకుండా చేసిన రూపాలు.

చెల్లకుండా చేయడం అంటే ఏమిటో కూడా చెప్పాలి. మొక్క ఆ అణువుకు ఒక నిర్దిష్టమైన చోట ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ పరమాణువుల జంటను తగిలిస్తుంది. అంతే, ఆ అణువు ఇక పనికిరాదు. ఇంత చిన్న మార్పుకే ఎందుకు పనికిరాకుండా పోతుందో అర్థం కావాలంటే దాన్ని అందుకునే ప్రోటీనును చూడాలి.

వినని మొక్క కోసం వెతుకులాట

పొట్టి వరి మొక్కలు రెండు రకాలు. ఒక రకం మీద జిబ్బరెల్లిన్ చల్లితే పొడవుగా పెరుగుతుంది. దానికి లోటు హార్మోనే, బయటి నుంచి ఇస్తే సరిపోతుంది. రెండో రకం మీద ఎంత చల్లినా ఉలకదు పలకదు. కబురు వచ్చినా వినే చోట ఏదో తెగిపోయింది. గ్రాహకాన్ని, అంటే కబురును పట్టుకునే ప్రోటీనును, కనిపెట్టాలంటే ఈ రెండో రకం మొక్కలు కావాలి.

జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయంలో మియాకో ఉయెగుచి-తనాకా, మకోతో మత్సువోకాల బృందం అలాంటి వరి మొక్కలను పట్టుకుంది. చాలా పొట్టిగా, ముదురాకుపచ్చ రంగులో, వెడల్పాటి ఆకులతో ఉండే మొక్కలవి. వాటిలో చెడిపోయిన జన్యువు ఏదో వెతికి, ఆ జన్యువు తయారుచేసే ప్రోటీనే గ్రాహకమని 2005లో ప్రకటించారు. దానికి జీఐడీ1 అని పేరు. బూజు నుంచి మొదలుపెట్టి గ్రాహకం దాకా రావడానికి 79 ఏళ్లు పట్టింది. మొదలు కూడా వరే, చివర కూడా వరే కావడం మనలాంటి అన్నం తినేవాళ్లకు కాస్త సంతోషం కలిగించే విషయం.

మూత

ప్రోటీను అంటే అమైనో ఆమ్లాలు అనే పూసల దండ. పూసలు 20 రకాలు. దండ ఊరికే వేలాడదు. పూసల గుణాన్ని బట్టి తనలో తాను ముడుచుకుని ఒక ప్రత్యేకమైన ఆకారంలోకి వస్తుంది. నీటిని ఇష్టపడని పూసలు లోపలికి దాక్కుంటాయి, ఇష్టపడేవి బయటికి తిరుగుతాయి. ప్రోటీను పని అంతా ఆ ఆకారంలోనే ఉంది. గుడ్డు ఉడికిస్తే తెల్లసొన గట్టిపడుతుంది కదా, అప్పుడు పూసలు మారవు, మడతలు మారతాయి. అంతటితో అది మళ్లీ సొన కాలేదు.

జీఐడీ1లో సుమారు 350 పూసలున్నాయి. 2008లో రెండు బృందాలు, ఒకటి వరి ప్రోటీనుతోను, రెండోది ఆవాల కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్క ప్రోటీనుతోను, దీన్ని స్ఫటికాలుగా చేసి ఎక్స్ కిరణాలతో ఆకారం తెలుసుకున్నాయి. రెండూ ఒకే పత్రికలో, ఒకే సంచికలో వెలువడ్డాయి. కనిపించిన బొమ్మ ఒకటే. ప్రోటీను ప్రధాన భాగంలో లోతైన గుంట ఒకటి ఉంది. దండ మొదటి కొస మాత్రం ప్రధాన భాగంతో కలిసిపోకుండా ఆ గుంట పైన మూతలాగా ఉంది.

మూత ఎప్పుడూ పడి ఉండదు. హార్మోన్ లేనప్పుడు దాన్ని పట్టి ఉంచేది ఏదీ లేక వదులుగా ఊగుతూ ఉంటుందని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. జిబ్బరెల్లిన్ అణువు గుంటలోకి దిగినప్పుడు దాని ఆమ్లపు కొస గుంట అడుగున ఉన్న పూసలతో బంధాలు ఏర్పరచుకుని నిలదొక్కుకుంటుంది. నూనె స్వభావం ఉన్న రెండో వైపు పైకి తిరిగి ఉంటుంది. మూత లోపలి ముఖం కూడా నీరంటే గిట్టనిదే. నూనె నూనెను కలిసినట్టు ఆ రెండూ ఒకదానికొకటి అతుక్కుంటాయి. మూత పడిపోతుంది. హార్మోన్ పూర్తిగా లోపల మూతపడి బయటికి కనిపించదు. ఆక్సిజన్, హైడ్రోజన్ జంట తగిలించిన అణువు ఎందుకు చెల్లదో ఇప్పుడు చెప్పవచ్చు. ఆ జంట అడ్డుపడితే గ్రాహకానికీ దానికీ పట్టు కుదరదు.

జిబ్బరెల్లిక్ ఆమ్లం అణువులో ఉన్నవి మొత్తం 47 పరమాణువులు. అది కదిలించే ప్రోటీనులో ఐదు వేలకు పైనే ఉంటాయి.

దమ్ బిర్యానీ వండే డేగిసాను గుర్తుచేసుకోండి. లోపల సరుకు పడ్డాకే మూత పెడతారు. మూత పెట్టి, అంచుల చుట్టూ పిండి మెత్తి, మూత మీద నిప్పులు పోస్తారు. మూత తెరిచి ఉంటే నిప్పులు పోయడానికి చోటే ఉండదు. జీఐడీ1 కూడా అంతే. మూత పడ్డాక దాని పైముఖం ఇంకొక ప్రోటీను వచ్చి కూర్చోవడానికి సరిపోయే గద్దెగా తయారవుతుంది. తేడా ఒక్కటే. డేగిసా మీద మూత వంటవాడు పెడతాడు, ఇక్కడ లోపలి సరుకే మూతను తన మీదికి లాక్కుంటుంది.

ఇంకో ముచ్చట. జీఐడీ1 ఆకారం కొవ్వులను విడగొట్టే ఒక రకం ఎంజైముల ఆకారానికి చాలా దగ్గరగా ఉంది. అలాంటి ఎంజైములకు పని జరగాలంటే గుంటలో మూడు ముఖ్యమైన అమైనో ఆమ్లాలు ఉండాలి. జీఐడీ1లో వాటిలో ఒకటి మారిపోయి ఉంది. అంటే ఒకప్పుడు కోసే పనిలో ఉన్న పాత పనిముట్టు కోయడం మానేసి పట్టుకోవడం మాత్రం మిగుల్చుకుంది.

బ్రేకు ఊడితే బండి కదులుతుంది

మూత మీదికి వచ్చి కూర్చునే ప్రోటీను పేరు డెల్లా. దాని మొదటి భాగంలో వరుసగా వచ్చే ఐదు అమైనో ఆమ్లాలకు శాస్త్రవేత్తలు వాడే ఇంగ్లీషు అక్షరాలు డి, ఇ, ఎల్, ఎల్, ఎ. ఆ అక్షరాలు కలిపితే డెల్లా. ఒంటరిగా ఉన్నప్పుడు దాని మొదటి భాగానికి స్థిరమైన ఆకారం ఉండదు, వదిలేసిన తాడులా ఉంటుంది. జీఐడీ1 మూత మీదికి చేరినప్పుడే అది మలుపులు తిరిగి రూపానికి వస్తుంది. కాబట్టి ఇక్కడ ఆకారం మారేది ఒకటి కాదు, రెండు.

డెల్లా మొక్క పెరుగుదలకు బ్రేకు. కణం కేంద్రకంలో ఉంటూ, పెరుగుదల జన్యువులను నడిపించే ఇతర ప్రోటీన్లను పట్టుకుని పని చేయనివ్వదు. జీఐడీ1కు చిక్కాక దాని గతి మారిపోతుంది. వరిలో జీఐడీ2 అనే ఇంకొక ప్రోటీను అక్కడికి వచ్చి, డెల్లాకు యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్ల గొలుసు తగిలేలా చేస్తుంది. కణంలో ఆ గొలుసు పడిందంటే ‘ఇది పారేయవలసిన సరుకు’ అని చీటీ అంటించినట్టే. ఈ చీటీ పద్ధతిని కనిపెట్టినందుకే ముగ్గురు శాస్త్రవేత్తలకు 2004లో రసాయన శాస్త్ర నోబెల్ వచ్చింది. చీటీ పడ్డ డెల్లాను కణంలోని ప్రోటియాసోమ్ అనే యంత్రం ముక్కలు చేస్తుంది. బ్రేకు పోయింది. ఆగి ఉన్న జన్యువులు పనిలోకి దిగుతాయి, కణం గోడలు సడలుతాయి, కణం నీరు పీల్చుకుని పొడవుగా సాగుతుంది. జీఐడీ1, జిబ్బరెల్లిన్ మాత్రం చెక్కుచెదరకుండా ఇంకో డెల్లా కోసం సిద్ధం.

ఇందులో నాకు అన్నిటికంటే నచ్చినది ఏమిటంటే, డెల్లా జిబ్బరెల్లిన్‌ను ఒక్కసారి కూడా తాకదు. హార్మోన్ మూత కింద, డెల్లా మూత మీద. మధ్యలో ఉన్నది ఆకారం మాత్రమే. కబురు అంటే ఇక్కడ ఒక వస్తువు చేతులు మారడం కాదన్నమాట. ఒకచోట వంగినది ఇంకోచోట వంపుగా కనబడడమే కబురు.

విత్తన చేను సంగతి ఇప్పుడు సులువుగా తేలుతుంది. కాడను సాగదీసిన నీరు, చక్కెర మొక్కవే. ఆ పొడి ఇచ్చింది బ్రేకు వదలమనే ఆజ్ఞ ఒక్కటే. అందుకే గ్రాములు చాలు. అందుకే సమయం కూడా అంత ముఖ్యం. సాగే వయసులో ఉన్న కణాలకే ఆజ్ఞ పనికొస్తుంది. తొందరపడి ముందే చల్లితే వెన్ను కింది కాడకు బదులు అడుగు కణుపులు సాగి మొక్క పడిపోతుంది. ఆలస్యమైతే సాగేది ఏమీ మిగలదు. పురుగుమందుల దుకాణాల్లో ‘గ్రోత్ టానిక్’ పేరిట అమ్మే సీసాల్లో కొన్నింటిలో ఉండేది ఈ జిబ్బరెల్లిక్ ఆమ్లమే. టానిక్ అనే మాట రైతును తప్పుదారి పట్టిస్తుంది. బలం లేని పైరుకు ఇది బలం ఇవ్వదు, ఉన్న బలాన్ని పొడవు మీద ఖర్చు పెట్టిస్తుంది. వెర్రి నారు గుర్తుంది కదా! విత్తులేని ద్రాక్షలో గుత్తులు సాగడానికీ, కాయ లావెక్కడానికీ ఇదే మందు వాడి లాభపడుతున్నారు. అక్కడ కోరేది సాగడమే కాబట్టి ఆ ఖర్చుకు అర్థం ఉంది.

పొట్టి పైర్లు

ఈ మూత సంగతి ఎవరికీ తెలియని రోజుల్లోనే మనుషులు దాని ఫలితాన్ని కడుపు నిండా తిన్నారు.

1960ల నాటికి మన దేశంలో గోధుమ, వరి పొడుగు రకాలు. ఎరువు వేస్తే ఇంకా పొడుగు ఎదిగి, వెన్ను బరువుకు, గాలివానకు నేలకు ఒరిగేవి. ఒరిగిన పైరులో గింజ తడిసి మొలకెత్తుతుంది, కోత కష్టమవుతుంది. ఎరువుకు పెట్టిన డబ్బు నష్టానికే దారి తీసేది. జపాన్‌లో 1935లో విడుదలైన నోరిన్ 10 అనే పొట్టి గోధుమను రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాకు తీసుకువెళ్లారు. అక్కడ ఆర్విల్ వోగెల్ చేతి నుంచి మెక్సికోలో ఉన్న నార్మన్ బోర్లాగ్ చేతికి ఆ వంశం చేరింది. ఆయన తయారుచేసిన పొట్టి రకాల విత్తనాన్ని 1966లో భారత ప్రభుత్వం 18,000 టన్నులు తెప్పించింది. 1965 ప్రాంతంలో కోటీ ఇరవై లక్షల టన్నులుగా ఉన్న మన గోధుమ దిగుబడి 1970కల్లా రెండు కోట్ల టన్నులకు చేరింది. అదే ఏడాది బోర్లాగ్‌కు నోబెల్ శాంతి బహుమతి ఇచ్చారు.

నోరిన్ 10 ఎందుకు పొట్టిది? 1999లో ఇంగ్లండ్‌లోని జాన్ ఇన్స్ సెంటర్ శాస్త్రవేత్తలు జవాబు చెప్పారు. దాని డెల్లా ప్రోటీనులో మొదటి భాగం, అంటే జీఐడీ1 మూత మీద కూర్చోవలసిన ఆ తాడులాంటి ముక్కే, లేకుండా పోయింది. హార్మోన్ ఉంది, గ్రాహకం ఉంది, మూత కూడా పడుతుంది. కానీ ఆ మూతకు డెల్లా చిక్కదు. చిక్కని బ్రేకు అలాగే ఉండిపోతుంది. మొక్క పొట్టిగా, గట్టిగా, నిటారుగా నిలబడి తన చక్కెరను గింజకు పంపుతుంది.

వరి దారి వేరు. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1966లో ఫిలిప్పీన్స్‌లో విడుదల చేసిన ఐఆర్8కు పొట్టితనం తైవాన్‌కు చెందిన దీ-జియో-వూ-జెన్ అనే రకం నుంచి వచ్చింది. అందులో చెడిపోయినది జిబ్బరెల్లిన్ తయారీలో ఒక మెట్టు అని 2002లో తేలింది. దాని గ్రాహకం, డెల్లా రెండూ సలక్షణంగా ఉన్నాయి. వచ్చే కబురే తక్కువ. మన పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు అనే యువరైతు 1967లో ఐఆర్8 పండించి, ఆ విత్తనాన్ని ఇతర రైతులకు అందించి ‘మిస్టర్ ఐఆర్8’ అనిపించుకున్నారు. ఆ రోజుల్లో చేను పడకుండా నిలబడితే చాలు, ఎందుకు నిలబడిందో ఎవరికి కావాలి?

షుగర్ వ్యాధి తెలియని ఇల్లు ఈరోజు మన మహల్లాల్లో లేదు కాబట్టి ఆ పోలిక చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. కొందరికి శరీరంలో ఇన్సులిన్ తయారుకాదు, బయటి నుంచి ఇస్తే చక్కెర దిగుతుంది. ఇంకొందరిలో ఇన్సులిన్ ఉన్నా కణాలు దానికి సరిగా స్పందించవు. ఐఆర్8 మొదటి రకం లాంటిది, నోరిన్ 10 రెండో రకం లాంటిది. అక్కడ జబ్బు అయినది ఇక్కడ వరం కావడమే తేడా.

వరం పూర్తిగా ఉచితం కాదు. 2018లో చైనాకు చెందిన షియాంగ్‌డాంగ్ ఫు బృందం, డెల్లా బ్రేకు పేరుకుపోయిన ఈ పొట్టి రకాలు నేలలోని నత్రజనిని పీల్చుకోవడంలో వెనకబడతాయని చూపింది. జీఆర్ఎఫ్4 అనే ఇంకొక ప్రోటీను నత్రజని వాడకాన్ని పెంచుతుంది, డెల్లా దాన్ని అణచివేస్తుంది. హరిత విప్లవపు పొట్టి పైర్లు అంత యూరియా ఎందుకు అడుగుతాయో చెప్పే కారణాల్లో ఇది ఒకటి. యూరియా కోసం చెప్పులు వరుసలో పెట్టి నిలబడే మన రైతుకు ఈ పరిశోధన పొలం దాకా రావడం ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు. పొట్టితనాన్ని ఉంచుకుంటూనే ఆ రెండో ప్రోటీను పాళ్లు పెంచవచ్చని ఆ బృందం వరిలో చేసి చూపింది కూడా.

అన్ని మూతలూ ఒకటి కావు

హార్మోన్లన్నీ ఇదే పద్ధతిలో పనిచేస్తాయనుకోకూడదు. ఆక్సిన్ అనే హార్మోన్ గ్రాహకం ఆకారం 2007లో తెలిసింది. అక్కడ మూత లేదు, చెప్పుకోదగ్గ ఆకార మార్పూ లేదు. ఆక్సిన్ గుంటలో కూర్చుని, పైన వచ్చి పడే ప్రోటీనుకు జిగురులా నేరుగా అంటుకుంటుంది. నీటి ఎద్దడిలో తయారయ్యే అబ్సిసిక్ ఆమ్లం మళ్లీ మూత పద్ధతే. 2009లో దాని గ్రాహకాలను కనుగొన్నారు. హార్మోన్ లోపలికి రాగానే తలుపు రెక్కలాంటి భాగం మూసుకుంటుంది. మూసుకున్న తలుపు మీదికి ఒక ఎంజైము వచ్చి చిక్కుకుపోతుంది. అది చిక్కుకున్నాక జరిగే పనులతో ఆకుల మీది పత్రరంధ్రాలు మూసుకుని నీరు ఆవిరైపోవడం ఆగుతుంది. అనంతపురం వేరుశనగ చేను మధ్యాహ్నపు ఎండకు తట్టుకునేది ఈ తలుపుల పుణ్యానే.

నీట మునిగిన చేను

ఎదగమనే కబురు వినకపోవడం ఒక్కొక్కసారి ప్రాణం కాపాడుతుంది. చేను వరదలో పూర్తిగా మునిగినప్పుడు వరి మొక్క ముందు రెండు దారులుంటాయి. నీటిమట్టం కంటే వేగంగా పెరిగి తల బయటపెట్టడం ఒకటి. బంగ్లాదేశ్ లోతునీటి వరి రకాలు రోజుకు 20 నుంచి 25 సెంటీమీటర్ల దాకా సాగుతాయి. వాటిలో నీరు పెరగగానే ఇథిలీన్ పోగై, ఆ తర్వాత జిబ్బరెల్లిన్ పెరిగి, మూతలు టపటపా పడిపోతాయి. నెలల తరబడి నిలిచే వరదకు ఆ పద్ధతి మేలు. పది పన్నెండు రోజుల్లో తీసే వరదకు అది చేటు. సాగడానికే దాచుకున్న చక్కెరంతా ఖర్చు చేసుకున్న మొక్క నీరు తీశాక కూలబడిపోతుంది.

పశ్చిమ గోదావరి జిల్లా మారుటేరు పరిశోధన స్థానంలో పుట్టిన స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, ఆంధ్రా నుంచి ఒడిశా, బెంగాల్ దాకా రైతుల మనసు దోచుకున్న రకం. దాని బలహీనత ఈ ముంపే. ఒడిశా నాటు రకమైన ఎఫ్ఆర్13ఎ మాత్రం రెండు వారాల దాకా నీటి అడుగున ఓపిక పట్టగలదు. ఆ ఓపికకు కారణమైన సబ్1ఎ అనే జన్యువును 2006లో గుర్తించారు. ఆ జన్యువును అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో సంప్రదాయ సంకరణంతోనే స్వర్ణలోకి తెచ్చారు. స్వర్ణ-సబ్1 పేరుతో 2009లో అది మన దేశంలో విడుదలైంది.

సబ్1ఎ చేసే పనిని జూలియా బెయిలీ-సెరెస్, టకేషి ఫుకావో 2008లో విడమరిచారు. మునిగిన మొక్కలో అది వరి డెల్లాను పెంచుతుంది. దానితో పాటు డెల్లాను పోలిన ఇంకొక ప్రోటీనును కూడా పెంచుతుంది. ఈ రెండోదానిలో జీఐడీ1 మూతకు చిక్కే మొదటి భాగం పుట్టుకతోనే లేదు. నోరిన్ 10 గోధుమలో ఎప్పుడూ ఉండే ఉపాయాన్నే ఈ వరి నీట మునిగిన రోజుల్లో మాత్రం వాడుకుంటోందన్నమాట. హార్మోన్ వచ్చినా, మూత పడినా, ఆ బ్రేకు ఊడదు. మొక్క సాగడం మానేసి చక్కెరను పొదుపు చేసుకుంటుంది. వరద తీసి ఆకులకు గాలి తగిలాక సబ్1ఎ జోరు తగ్గుతుంది, బ్రేకులు ఒక్కొక్కటే వదులవుతాయి, దాచుకున్న చక్కెరతో మొదలు దగ్గర నుంచి కొత్త ఆకు పైకి వస్తుంది.